పైకెక్కమన్న పెద్దాయన

1989 అక్టోబరు 17, మంగళవారం, సాయంత్రం ఐదు గంటల నాలుగు నిమిషాలు. ఆ వేళకి నేను ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి సుగుణ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి పప్పుకి తిరగమోత పెడుతున్నాను. ఏడాది నిండిన చిన్న మనవరాలు లిల్లీ నా చంకలో ఉంది. హాల్లో, మెట్లకి ఆనించి వేసిన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆయనకి అదే కుర్చీ. చెయ్యి చాపితే మెట్ల కమ్మి అందాలి.

ఆ సాయంత్రం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

మొన్న ఎస్తేరు ఫోన్ చేసింది. ఎస్తేరు ఆయన కూతురు, మా సుగుణతో పాటు ఆస్పత్రిలో నర్సు. "నాన్న పోయాడత్తా. నిద్రలోనే" అంది.

"ఏ గదిలో?" అన్నాను.

ఇంకొకరైతే ఈ ముసలిదానికి మతి పోయిందనుకుందురు. ఎస్తేరు అనుకోలేదు. "కింద గదిలోనే అత్తా" అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆయన పేరు రాయను. చెప్పొద్దన్నాడు. ఎందుకన్నాడో ఆ చోటు వచ్చినప్పుడు రాస్తాను. నాకు అక్షరాలు యాభై దాటాక, ఈ దేశంలోనే, పాస్టరమ్మగారు పాటల పుస్తకం ముందు పెట్టి నేర్పితే వచ్చాయి. ఒక సంగతిని పట్టుకుని పది రకాలుగా తిప్పి రాయడం నాకు చేతకాదు. చూసింది రాస్తాను.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది కూడా మెట్ల మీదే. ఎనభై ఒకటిలో నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఆదివారం సుగుణ నన్ను తెలుగు చర్చికి తీసుకెళ్ళింది. కట్టడం మనది కాదు. అమెరికావాళ్ళ గుడి. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం కింది హాలు మనకి అద్దెకిచ్చేవాళ్ళు. ఆ హాలు నేలలోకి ఉండేది, మెట్లు దిగి వెళ్ళాలి. అందరూ దిగారు. తెల్ల పంచె మీద ఉన్నికోటు వేసుకున్న పొడుగాటి ముసలాయన ఒక్కడే పైమెట్టు మీద కూర్చుండిపోయాడు. బయట వాన. తెరిచిన తలుపులోంచి చలి ఈడ్చి కొడుతోంది. అయినా తలుపు వెయ్యమని ఒక్కరూ అనడం లేదు.

"ఎవరే ఆయన? లోపలికి రానివ్వరా?" అని అడిగాను.

"మెల్లిగా అనమ్మా. రానివ్వకపోవడమేంటి, ఆయనే దిగడు" అంది సుగుణ.

పాస్టరుగారు అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చాక పళ్ళెం పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కి ఆయనకిచ్చి వచ్చాడు. ఆయన ద్రాక్షరసంలో చిటికెన వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఒక క్షణం ఆగాడు. తర్వాత తాగాడు. ఇదేం చాదస్తం అనుకున్నాను.

ఇంటికి బయల్దేరుతుంటే నన్ను ఆపాడు.

"కొత్తగా వచ్చావా చెల్లెమ్మా? ఏ ఊరు?"

"రేపల్లె దగ్గరండి."

"మీ అమ్మాయి ఇంటికి మేడుందా?"

"ఉంది."

"మెట్లు లోపల్నించా, బయటి నించా?"

"లోపల్నించే."

"మంచిది" అని అప్పుడు నవ్వాడు. మొగుడున్నాడా పోయాడా, పిల్లలెందరు, అల్లుడి జీతమెంత అని అడగని తెలుగువాణ్ణి నేను అమెరికాలో మొదటిసారి చూశాను.

ఆయనది దివిసీమ. సముద్రం ఒడ్డునే పల్లె. డెబ్భై ఏడు నవంబరు పంతొమ్మిది శనివారం వచ్చిన ఉప్పెన గురించి మన పక్క వాళ్ళకి నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తాటిచెట్టంత నీళ్ళు ఊళ్ళ మీద నడిచి వెళ్ళాయి. వేలమంది పోయారు. ఆయన ఇంట్లో ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఎస్తేరు అప్పటికే ఇక్కడ ఉద్యోగంలో ఉంది కాబట్టి బతికింది. రెండేళ్ళకి తండ్రిని తెచ్చుకుంది.

తెచ్చుకున్నది మనిషిని ఒక్కణ్ణే కాదు. ఆ నీళ్ళు కూడా ఆయనతోనే వచ్చాయి. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి ముందు మెట్లెక్కడున్నాయో చూసుకునేవాడు. తర్వాత ఒంగి, తివాచీ మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు, తడిగా ఉందేమోనని. వాన పడితే కిటికీలోంచి చెయ్యి చాపి ఒక చుక్క నాలిక మీద వేసుకునేవాడు. "చప్పగానే ఉంది" అనేవాడు. ఆ మాట ఆయన చెప్పేదాకా నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టడం అలవాటైంది. ఉప్పగా ఉందని ఏ రోజైనా అంటే ఏం చెయ్యాలి? భయం చలిజ్వరం లాంటిది. ఒకే ఇంట్లో మసిలేవాళ్ళకి తగులుకుంటుంది. సుగుణ, ఎస్తేరు డ్యూటీకి వెళ్తే ఇద్దరి పిల్లల్నీ నేనే చూసేదాన్ని కాబట్టి, ఆయన కూడా మనవరాలు రూతుని తీసుకుని పొద్దున్నే మా ఇంటికి వచ్చి సాయంత్రం దాకా ఉండేవాడు. అలా నాకు తగులుకుంది. గాలి గట్టిగా వీస్తే నేనూ మెట్ల వైపు చూడ్డం మొదలుపెట్టాను.

టీవీలో ఏటా ఆయా తేదీలకి జరిగిపోయినవి చూపిస్తారు కదా. మే నెలలో వాషింగ్టన్ రాష్ట్రంలో అగ్నికొండ పేలిన రోజు. జనవరిలో ఆ రాకెట్టు ఆకాశంలో ముక్కలైన రోజు. ఆయన ఒక్కటీ వదిలేవాడు కాదు. మా అల్లుడు ప్రభాకర్ ఇంటికి రాగానే పట్టుకునేవాడు.

"ఇయ్యాళేం జరిగిందంట బాబూ?"

"అదేదో పాతది మావయ్యా. హిస్టరీ."

"పాతదైతే ఇయ్యాళెందుకు చెప్తన్నారు?"

"యానివర్సరీ కదా. ఊరికే గుర్తు చేసుకోడానికి."

"ఊరికే ఎవడూ గుర్తు చేసుకోడు. ఏ తేదీ ఖాళీగా ఉందో చూపించు, ఆ రోజు పడుకుంటాను" అనేవాడు.

ప్రభాకర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు, మంచివాడు. నవ్వేసి ఊరుకునేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. క్యాలెండరు చూస్తే ప్రతి గడి కిందా ఎవర్నో పాతేసినట్టు ఉండేది.

నవంబరు పంతొమ్మిదిన జ్ఞాపకార్థ కూడిక పెట్టేవాళ్ళం. ఎవరింట్లో పెట్టినా మేడ ఉండాలన్నది ఆయన షరతు. పాట అయ్యాక, వాక్యం అయ్యాక, ఆయన మెట్ల పక్కన నిలబడి పోయినవాళ్ళ పేర్లు చెప్పేవాడు. చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. కళ్ళు మూసుకుని, వీధిలో నడుస్తున్నట్టుగా, ఇంటింటికీ ఆగుతూ చెప్పేవాడు.

"కాలవ గట్టు కాణ్ణించి మొదటిల్లు. నాగయ్య. నాగయ్య పెళ్ళాం సౌభాగ్యం. పిల్లలు ఇద్దరు. పెద్దది కుమారి. చంటోడికి ఇంకా పేరు పెట్టలా."

ఒక్కో ఇల్లు అయ్యాక మేమందరం "జ్ఞాపకముంచుకో ప్రభువా" అనేవాళ్ళం. అలా వీధంతా నడిచి తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారేది కాదు. దానికే నాకు భయం వేసేది. "సుందరమ్మ. ఏసుదాసు. విమల." భార్య, కొడుకు, కోడలు. అక్కడ ఆగేవాడు. గ్లాసెత్తి, నీళ్ళు రుచి చూసి, తాగి, "పక్కిల్లు" అనేవాడు. ఆ ఆగినచోట ఇంకో పేరుందని అందరికీ తెలుసు. ఎవరం అడగలేదు.

ఆయన తన పేరు ఎవర్నీ పిలవనిచ్చేవాడు కాదు. పాస్టరుగారు ప్రార్థనలో ఒకసారి పేరు పెట్టి అంటే లేచి నిలబడ్డాడు. "ఆ వరసలో ఉండాల్సిన పేరయ్యా అది. ఆ వరసలో లేనప్పుడు ఏ వరసలోనూ వద్దు" అన్నాడు. నేను ఆయన పేరు రాయనన్నది అందుకే.

పేర్లయిపోయాక ఒక్కసారిగా "పైకి!" అని అరిచేవాడు.  అందరం పిల్లల్ని ఎత్తుకుని మేడెక్కాలి. ముసలీ ముతకా అందరూ. పులిహోర, టీ పైనే పెట్టేవాళ్ళం. మొదట్లో ఏడుస్తూ ఎక్కినవాళ్ళే పోనుపోను గొణుగుతూ ఎక్కారు. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు టీ కప్పు పట్టుకుని, "అంకుల్, ఇక్కణ్ణించి సముద్రానికి మధ్యలో అంత పెద్ద కొండలున్నాయి కదా. ఎలా వస్తుంది?" అన్నాడు వెటకారంగా.

"మాకూ సముద్రానికీ మధ్యలో మడ అడివుందయ్యా" అన్నాడాయన. "నీళ్ళతో పాటు చెట్లు కూడా వచ్చినయ్యి."

పాస్టరుగారు కూడా ఒకసారి మెత్తగా చెప్పి చూశాడు. "అన్నయ్యగారూ, మనం ప్రభువు మీద ఆనుకోవాలి గానీ మేడ మీద కాదు కదా."

"ప్రభువు మీద ఆనుకున్నోళ్ళంతా గుళ్ళోకే పోయారు పాస్టరుగారూ. గుడి పెంకుటిల్లు" అన్నాడు. పాస్టరుగారు మళ్ళీ ఎత్తలేదు. తర్వాతి ఏడు తనే ముందు మెట్లెక్కాడు.

పిల్లల్లో మా మనవడు డేనీ ఎప్పుడూ ఫస్టు. ఆయన నోట్లో మాట పూర్తి కాకముందే మెట్లెక్కేసి పైనించి చేతులూపేవాడు. ఆయన వాడి తల నిమిరి, "ఈడు బతికాడు" అనేవాడు. పండక్కి దీవించినట్టు అనేవాడు.

ఆ చెప్పని పేరు సంగతి ఎస్తేరు నాకు వంటింట్లో చెప్పింది. ఏసుదాసు కొడుకు, అయిదేళ్ళవాడు. గాలికి భయపడి మంచం కింద దూరాడట. ఈయన గుమ్మంలో నిలబడి, "బయటికి రారా, పైకెక్కుదాం" అని కేకలేశాడట. వాడు రాలేదు. "నేను తెస్తా, నువ్వెక్కి చెయ్యందించు" అని సుందరమ్మ లోపలికెళ్ళింది. ఈయన పక్కనున్న బడి డాబా ఎక్కి, చెయ్యి కిందికి చాపి, వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు లేదు.

"ఈ మాట నేనన్నానని నాన్నతో అనకు అత్తా" అంది ఎస్తేరు.

నేను అనలేదు. కానీ ఆయన మెట్ల పక్కన కూర్చుని చెయ్యి కమ్మి మీద పెట్టినప్పుడల్లా ఆ చెయ్యి వైపు చూడలేకపోయేదాన్ని.

ఎనభై ఆరులో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపానికి ఎనభై ఏళ్ళని టీవీలో చెప్పారు. ఏటా ఏప్రిల్ పద్ధెనిమిదిన, అది వచ్చిన వేళకే, తెల్లారకముందే జనం నగరం మధ్యలో ఒక పాత ఫౌంటెన్ దగ్గర చేరతారట. ఆనాడు బతికిన ముసలివాళ్ళు కూడా వస్తారట. "నన్ను తీసుకుపో" అని ఆయన ప్రభాకర్‌ని వదల్లేదు. తోడుగా నేనూ వెళ్ళాను. చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. జనమంతా పాతకాలం టోపీలు పెట్టుకుని తిరునాళ్ళకి వచ్చినట్టు నవ్వుతున్నారు. సరిగ్గా ఆ నిమిషానికి సైరన్లు మోగాయి. ఆయన నా భుజం పట్టుకుని చుట్టూ మేడల మెట్లు వెతుక్కున్నాడు. తలుపులన్నీ తాళాలు వేసి ఉన్నాయి. ఆయన గోళ్ళు నా భుజంలోకి దిగాయి.

సైరన్లు ఆగాక, కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్ళాడు. ప్రభాకర్ సిగ్గుపడుతూనే ఆయన మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

"ఆ రోజు మీరు ఎక్కడికెక్కారని అడుగు."

ఆమె నవ్వింది. "ఎక్కడికెక్కుతాం? మా అమ్మ మమ్మల్ని వీధిలోకి లాక్కొచ్చింది. వీధి కూడా ఊగుతోంది" అంది.

"మీరు పేర్లు చెప్పరా?"

"ఎవరి పేర్లు?"

ఆయన కారు వైపు నడిచాడు. తిరిగి వస్తూ, వంతెన మీద, కింద బూడిదరంగు నీళ్ళు చూస్తూ అన్నాడు. "నీళ్ళొస్తే మేడుంది చెల్లెమ్మా. నేలే కదిల్తే మేడ దేని మీద నిలబడుద్ది?"

"నన్నడిగితే? కట్టినవాణ్ణి అడగండి" అన్నాను. అన్నానే గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయనకి తెలిసిన దారి ఒక్కటే. దాని కింద నేల లేదని ఆ రోజు ఎవరో చెప్పేశారు.

తర్వాత రూతు బడిలో చేరింది. ఒకరోజు బడి నించి వస్తూనే, "తాతయ్యా, చూడు, ఎర్త్‌క్వేక్ డ్రిల్!" అని మా భోజనం బల్ల కింద దూరి, తల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆయన ముఖంలో రక్తం లేదు. ఒక్క అంగలో వెళ్ళి దాని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. పిల్ల ఏడ్చింది. రెక్క మీద నాలుగు వేళ్ళూ తేలాయి.

ఆ సాయంత్రం ప్రభాకర్ మొదటిసారి గొంతు పెంచాడు. "మావయ్యా, స్కూల్లో చెప్పేది కరెక్ట్. ఇక్కడ వచ్చేది భూకంపం. మీరు పిల్లని కన్‌ఫ్యూజ్ చెయ్యకండి."

"కింద దూరినోళ్ళు దొరకరు బాబూ" అన్నాడాయన.  ఆ రోజు నించీ నాకు ఒకటే భయం. నిజంగా ఏదో ఒకటి వచ్చిన రోజున ఆ పిల్ల ఎవరి మాట వినాలి?

ఆ రోజు ఆ మంగళవారమే వచ్చింది.

బేస్‌బాల్ ఆట ఉందని డేనీ టీవీ ముందు కూర్చున్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడేళ్ళ రూతు భోజనం బల్ల దగ్గర బొమ్మకి రంగులు వేస్తోంది. గాలి లేదు. ఎండ వింతగా, వేడిగా ఉంది. ఆవాలు చిటపటమన్నాయి. అప్పుడు లారీ వచ్చి గోడని గుద్దినట్టు చప్పుడైంది.

తర్వాత నేల లేచింది. నా చేతిలో గరిట ఎగిరిపోయింది. లిల్లీని గుండెకి అదుముకుని వంటింటి గుమ్మం పట్టుకున్నాను. కొయ్య గుమ్మం నా చేతిలో పాములా మెలికలు తిరిగింది. గిన్నెలు, సీసాలు అన్నీ ఒక్కసారే మాట్లాడుతున్నాయి.

"పైకి!"

ఆయన లేచి నిలబడి అరిచాడు. డేనీ లేడిపిల్లలా మెట్లెక్కేశాడు. ఏటా ఎక్కినట్టే. రూతు మాత్రం బల్ల కింద దూరింది. బడిలో నేర్పినట్టే. ఒక చేత్తో బల్ల కాలు పట్టుకుంది.

ఆయన అది చూశాడు. ఆయన ముఖం నేను చూశాను. అలాంటి ముఖం మళ్ళీ చూడకుండా ప్రభువు నన్ను తీసుకుపోవాలి. తూలుతూ వచ్చి, ఒక చెయ్యి చాపి పిల్ల కాలు దొరకబుచ్చుకున్నాడు.

"రా! బయటికి రా! పైకి!"

"నో తాతయ్యా! నో! టీచర్ చెప్పింది!"

ఆయన లాగుతున్నాడు. పిల్ల బల్ల కాలు కావిలించుకుని వదలడం లేదు. బల్ల, పిల్ల, ఆయన కలిసి నేల మీద జరుగుతున్నారు. నేను వెళ్ళి ఆయన చెయ్యి విడిపించాలా, ఆయనతో కలిసి లాగాలా? నాకు తెలియలేదు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకే తెలియదు. గుమ్మం పట్టుకుని, "ప్రభువా, ప్రభువా" అంటూ ఉండిపోయాను.

అప్పుడు రూతు ఏడుస్తూ అరిచింది. "నువ్వు రా తాతయ్యా! నువ్వే లోపలికి రా!"

ఆయన చెయ్యి ఆగింది.

ఆ పొడుగాటి మనిషి మోకాళ్ళ మీద పడ్డాడు. ఒంగాడు. తల వంచి, నీళ్ళలో మునిగేవాడిలా నోరు బిగించి ఊపిరి పట్టి, ఆ బల్ల కిందికి వెళ్ళాడు. పిల్లని కప్పేశాడు. ఉన్నికోటు తప్ప నాకేం కనపడలేదు.

అప్పుడే ఇంటి మీది ఇటుకల పొగగొట్టం విరిగి, కప్పు చీల్చుకుని మెట్ల మీద పడింది. ఆయన ఆ పిల్లని బయటికి లాగి ఉంటే ఇద్దరూ ఎక్కడ ఉండేవాళ్ళో ఆ చోటనే.

కదలిక ఆగింది. తెల్లటి దుమ్ము. టీవీ లేదు, దీపం లేదు. దూరంగా ఎక్కడో కార్ల హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. లిల్లీ ఏడవడం కూడా మర్చిపోయింది. అంత నిశ్శబ్దంలో, నేల మీద నీళ్ళు పాకుతున్న చప్పుడు వినిపించింది. సన్నగా, మెల్లగా, బల్ల వైపు.

 వచ్చింది అనుకున్నాను. కొండలు దాటి ఇంతదూరం వచ్చింది.

బల్ల కింద నించి ఆయన అరచెయ్యి బయటికొచ్చింది. నేల మీద ఆనింది. తడి తగిలింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. చెయ్యి లోపలికి పోయింది. నేను ఎదురుచూశాను. ఆ ఎదురుచూపు ఆ ఊగిసలాట కంటే పొడుగు.

"చప్పగానే ఉంది" అన్నాడు లోపల్నించి. గొంతు గుర్తుపట్టలేనట్టుంది.

"ఛీ తాతయ్యా! అది డేనీ ఫిష్ వాటర్! యక్!" అంది రూతు.

గాజుతొట్టి పగిలింది. డేనీ చేప నేల మీద కొట్టుకుంటోంది. ఆ చేప పేరు యోనా, బైబిల్లో చేప కడుపులోంచి బతికి బయటపడ్డవాడి పేరు. ఆదివారం బడి పిల్లలు పెట్టే పేర్లు అలాగే ఉంటాయి. దాన్ని చూశాకే నాకు డేనీ గుర్తొచ్చాడు. పైన అలికిడి లేదు. మెట్లంతా ఇటుకలు.

"డేనీ!" అని పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. ఆయన బల్ల కింద నించి పాకుతూ బయటికి వచ్చి, ఆ ఇటుకల గుట్ట ముందు ఆగిపోయాడు.  ఆయన పంపించిన దారి అది.

"అమ్మమ్మా?" అని పైనించి సన్నగా వినపడింది. "స్టెప్స్ ఏవి?"

పక్కింటి మెక్సికో ఆవిడ మరియా ఒక పెద్ద పానా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "గ్యాస్! గ్యాస్!" అని అరుస్తూ ఇంటి పక్కకి వెళ్ళి గొట్టం కట్టేసి, వచ్చి, ఇటుకల మీద పాకి పైకెక్కి, డేనీని వీపున వేసుకుని దించింది. వాడి జుట్టంతా సున్నం. మోచెయ్యి గీరుకుంది, అంతే. వాడు నేరుగా ఆయన దగ్గరికెళ్ళి, "తాతయ్యా, ఐ వజ్ ఫస్ట్" అన్నాడు.

ఆయన వాడి తల నిమరలేదు. "ఈడు బతికాడు" అనలేదు. గడ్డి మీద కూలబడిపోయాడు.

సుగుణ, ఎస్తేరు, ప్రభాకర్ ఒక్కొక్కరే ఇల్లు చేరేదాకా అందరం బయట గడ్డి మీదే ఉన్నాం. నేల మధ్యమధ్యలో మళ్ళీ జలదరించేది. జలదరించినప్పుడల్లా రూతు ఆయన చెయ్యి పట్టుకునేది. 

"ఒక్క కేకేశా చెల్లెమ్మా. ఆడెళ్ళిపోయాడు" అన్నాడు. "రెండడుగులు ఎనకపడుంటే?"

నేను పడలేదు కదా అని చెప్పలేదు. ఊరడించే మాటలు నాకు రావు. చేపని చారు గిన్నెలో వేసి ఆయన ఒళ్ళో పెట్టాను. "ఇది పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నాడు.

ఆ ఏడు నవంబరు పంతొమ్మిది ఆదివారం పడింది. కూడిక ఎవరింట్లో అని పాస్టరుగారు అడిగితే, ఆయనే "గుళ్ళో" అన్నాడు. మధ్యాహ్నం అందరం కింది హాల్లో కూర్చుని పైమెట్టు వైపు చూస్తున్నాం. ఆయన వచ్చాడు. రూతు చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఆగుతూ, గోడ పట్టుకుంటూ, చెమటలు కారుతూ దిగాడు. పాట మధ్యలోనే ఆగిపోయింది. దిగి, ఒంగి, అరచెయ్యి నేలకి ఆనించి చూసుకుని, లేచాడు.

కాలవ గట్టు నించి మొదలుపెట్టాడు. ఇల్లిల్లూ నడిచాడు. తన ఇంటికొచ్చాడు.

"సుందరమ్మ. ఏసుదాసు. విమల." ఆగాడు. గ్లాసు దగ్గరికి చెయ్యి పోలేదు. "దావీదు. అయిదేళ్ళోడు. మంచం కింద ఉన్నాడు. నేను పిలిచానే గానీ ఒంగలేదు."

"జ్ఞాపకముంచుకో ప్రభువా" అని అనాల్సినవాళ్ళం ఎవరం అనలేకపోయాం. రూతు ఒక్కతే అంది, వచ్చీరాని తెలుగులో.

అన్ని ఇళ్ళూ అయ్యాక అందరం లేచి నిలబడ్డాం, "పైకి" అంటాడేమోనని. ఆయన అనలేదు.

"ఎటు పోవాలో నాకు తెలవదు" అన్నాడు. "నీళ్ళకి ఒకటి, నేలకి ఒకటి. నాకు ఒకటే తెలుసు. రెండోది ఈ పిల్ల చెప్పుద్ది, నేర్చుకోండి."

రూతు హాల్లో బల్లల కింద ఎలా దూరాలో చూపించింది. ముసలమ్మలందరం మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ దూరాం. పాస్టరుగారి నడుం పట్టేసి బయటికి రాలేక ఇద్దరు లాగాల్సి వచ్చింది. నవ్వులు. నా పక్కన బల్ల కింద ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆయనకి నవ్వు కాదు. ఆయన ప్రతిసారీ నీళ్ళలోకే దిగేవాడు. అయినా దిగేవాడు. ఆ నెలలోనే మేడ మీది తన మంచాన్ని కింది గదిలోకి మార్చుకున్నాడు. రూతు గది పక్కన.

ఆ కూడిక రోజే, హాల్లో బల్ల కింద, నాతో అన్నాడు. "పోయినోళ్ళ పేర్లు నేను చెప్తన్నా. ఆ రోజు ఉండి బతికినోళ్ళ పేర్లు కూడా ఎవరో ఒకరు చెప్పాల. నువ్వు చెప్పు చెల్లెమ్మా. ఏటా, ఆ తేదీకి."

"మీ పేరో?" అన్నాను.

"వద్దు" అన్నాడు.

చెప్తూనే ఉన్నాను. భయం పోయిందని కాదు. ఇప్పటికీ అక్టోబరు వస్తే నాకు నిద్ర పట్టదు. గిన్నె చప్పుడైతే గుమ్మం పట్టుకుంటాను. అయినా ఆ తేదీకి, ఆ వేళకి నిలబడి చెప్తాను. ఈసారి ఆయన వినడానికి లేడు కాబట్టి రాసి చెప్తున్నాను.

ఆ రోజు ఆ ఇంట్లో మేడ మీద డానియేలు. వంటింటి గుమ్మంలో లిల్లీ. లిల్లీని ఎత్తుకుని నేను, మార్తమ్మని. పానా పట్టుకుని వచ్చిన పక్కింటి మరియా. చెప్పకపోతే డేనీ ఊరుకోడు, చారు గిన్నెలో యోనా. బల్ల కింద రూతు. రూతు పక్కన, ఒంగి, ఆయన.